వివరాల మార్పుకు ఇచ్చిన పాస్‌పోర్ట్ మధ్యలో కనబడకపోతే: దక్షిణ ఒడిశా తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

పాస్‌పోర్ట్ పోయిందని ఎవరైనా వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పోయింది పాత పుస్తకమా, కొత్త పుస్తకమా?

ఈ ప్రశ్నకి చాలామంది తెల్లమొహం వేస్తారు. పాత పుస్తకం ఆఫీసుకి వెళ్తుందని, అక్కడ పేరో చిరునామానో దిద్ది దాన్నే తిరిగి పంపుతారని వాళ్ల లెక్క. అలా ఎక్కడా జరగదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నా, భార్య పేరు చేర్పించుకున్నా, పర్లాకిమిడి నుంచి బరంపురం మకాం మార్చినా, పుట్టిన తేదీ సరిచేయించుకున్నా, ఈసీఆర్ ముద్ర (విదేశీ ఉద్యోగానికి వెళ్లే ముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాలన్న గుర్తు) తీయించుకున్నా అన్నిటికీ రీ-ఇష్యూ ఒక్కటే దారి. పాత పుస్తకం రద్దవుతుంది, కొత్త నంబరుతో కొత్త పుస్తకం అచ్చవుతుంది. అంటే ఒక్క దరఖాస్తు వెనకాల రెండు పుస్తకాలు, రెండు నంబర్లు ఉంటాయి.

ఏ పుస్తకం ఎవరి చేతిలో ఉండగా కనబడకుండా పోయిందో తేలిస్తే సగం పని అయినట్టే. కౌంటర్‌లో పోతే ఒక దారి, ఆఫీసులో ఆగితే ఇంకో దారి, పోస్టులో పోతే మరో దారి. ఏజెంటు బీరువాలో ఉంటే అసలు అది పోయినట్టే కాదు. ఇదేమీ చూసుకోకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ‘నా పాస్‌పోర్ట్ పోగొట్టుకున్నాను’ అని రాసిచ్చేవాళ్లు ఉన్నారు. తన చేతికే రాని పుస్తకాన్ని తానే పారేసుకున్నట్టు ఒప్పుకోవడం అది. ఆ కాగితం తరవాత ప్రతి మెట్టు దగ్గరా అడ్డం వస్తుంది.

దరఖాస్తు పెట్టకముందు

ఈ భాగం చదివి దాటేయకండి. పోయాక పడే తిప్పల్లో ఎక్కువ భాగం ఇక్కడ గంటసేపు శ్రద్ధ పెడితే తప్పిపోతాయి.

పాత పాస్‌పోర్ట్ మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు, పాస్‌పోర్ట్ అధికారి ఏదైనా రాసిన అబ్జర్వేషన్ పేజీ ఉంటే అది, వీసా ముద్రలున్న ప్రతి పేజీ జెరాక్స్ తీయించండి. ఫోన్‌లో ఫొటోలు తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. రేపు పుస్తకం దొరక్కపోతే డూప్లికేట్‌కి అడిగేది ఈ పేజీలనే.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు మెయిల్ మీది, ఫోన్ నంబరు మీది ఇవ్వండి. నెట్ సెంటర్ కుర్రాడు తన మెయిల్‌తో ఖాతా తెరిచి, తన నంబరే ఇచ్చి ‘నేను చూసుకుంటాలే అన్నా’ అంటాడు. మంచివాడే కావచ్చు. కానీ పాస్‌పోర్ట్ బయల్దేరిందన్న మెసేజ్ అతని ఫోన్‌కి వస్తుంది, మీకు రాదు. నాలుగు నెలల తరవాత అతను షాపు ఎత్తేసి సూరత్ వెళ్లిపోతే లాగిన్ కూడా అతనితోనే వెళ్లిపోతుంది.

తరవాత, ఏ ఆఫీసు అన్నది. 2018 జూన్ నుంచి దేశంలో ఏ ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం కిందనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒడిశా మొత్తానికి ఆ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. రాయగడ, గుణుపూర్ వాళ్లకి రైల్లో విశాఖపట్నం దగ్గర, మాట్లాడేదీ తెలుగే, అందుకని అక్కడికే వెళ్తారు. తప్పేం లేదు. ఒక్క సంగతి మాత్రం బుర్రలో పెట్టుకోవాలి: మీరు విశాఖను ఎంచుకుంటే ఫైలు విశాఖ ఆఫీసుదే. పోలీస్ విచారణ మీ ఊరి స్టేషన్ నుంచే జరుగుతుంది, కానీ పుస్తకం అచ్చు వేసి పంపేది విశాఖ వాళ్లు. అది కనబడకపోతే భువనేశ్వర్‌కి ఎన్ని ఉత్తరాలు రాసినా ‘మా ఫైలు కాదు’ అంటారు. కాబట్టి ఏ ఆఫీసు ఎంచుకున్నారో కాగితం మీద రాసిపెట్టుకోండి.

చిరునామా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్లు అలవాటుగా డోరు నంబరు, వీధి పేరు, గుడి ఎదురుగా అని రాస్తారు. ఒడిశా పోస్టల్ చిరునామా నడిచే తీరు వేరు: ఊరు, పోస్టాఫీసు, పోలీస్ స్టేషన్, జిల్లా. పోస్ట్‌మ్యాన్ వెతికేది ఆ వరసలో. డోరు నంబరు లేని ఇళ్లే ఎక్కువగా ఉన్న చోట ‘మెయిన్ రోడ్, రాయగడ’ అని రాస్తే ఆ కవరు ఎవరి గుమ్మం ఎక్కాలి? పేట పేరు, మీకు ఉత్తరాలిచ్చే పోస్టాఫీసు పేరు, ఆ పోస్టాఫీసు పిన్‌కోడ్ సరిగ్గా ఉండాలి. రాయగడ 765001, గుణుపూర్ 765022, పర్లాకిమిడి 761200, కోరాపుట్ 764020, జయపూర్ 764001. చుట్టుపక్కల పల్లెల పిన్‌కోడ్ ఊరిదే అయి ఉండాలని లేదు, పోస్టాఫీసులో అడిగి రాయండి. పర్లాకిమిడిలో ఇంకో చిక్కుంది. ఇల్లు ఒడిశాలో, చుట్టాలు పక్కనే శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఉంటారు. ‘ఆధార్ అక్కడిదే ఉంది కదా, అదే ఇచ్చేద్దాం’ అని పాతపట్నం చిరునామా ఇస్తే పోలీసులు అక్కడికే వెళ్తారు, కవరూ అక్కడికే వెళ్తుంది. మీరు నిజంగా ఉంటున్న చోటే రాయండి.

సునాబెడ, దమన్‌జోడి, జేకేపూర్ లాంటి టౌన్‌షిప్పుల్లో క్వార్టర్లలో ఉండేవాళ్లు బదిలీకో, క్వార్టర్ మార్పుకో దగ్గర్లో ఉంటే పాస్‌పోర్ట్ పని ఆపండి. కవరు పాత క్వార్టర్‌కి వెళ్లి, తాళం చూసి, వెనక్కి పోతుంది.

టిక్కెట్ బుక్ చేసుకుని, నెల రోజుల్లో ప్రయాణం పెట్టుకుని చిరునామా మార్పుకి వెళ్లడం కూడా మంచి పని కాదు. పాత పుస్తకం రద్దయిన క్షణం నుంచి కొత్తది చేతికొచ్చేదాకా మీకు పాస్‌పోర్ట్ లేనట్టే.

కౌంటర్ దగ్గర

సేవా కేంద్రంలో ఏ, బీ, సీ అని మూడు రకాల కౌంటర్లుంటాయి. ఏ దగ్గర ఫొటో, వేలిముద్రలు, స్కానింగ్. బీ దగ్గర పత్రాల పరిశీలన. సీ దగ్గర అధికారి తుది నిర్ణయం. కోరాపుట్ లాంటి చోట పోస్టాఫీసులో పెట్టిన పాస్‌పోర్ట్ కేంద్రంలో దరఖాస్తు తీసుకుంటారు, మంజూరు మాత్రం ప్రాంతీయ కార్యాలయం నుంచి జరుగుతుంది.

పాత పుస్తకం మీద మామూలుగా అక్కడే రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చేస్తారు. ఇచ్చారా లేదా, మీ కళ్లతో చూసుకుని లేవండి. ఫైళ్ల మధ్య ఒకరి పుస్తకం ఇంకొకరి కవర్లోకి వెళ్లే అవకాశం ఎక్కడైనా ఉంటే అది ఇక్కడే. పుస్తకం తెరిచి మొదటి పేజీలో ఫొటో మీదేనా అని చూడటానికి రెండు సెకన్లు చాలు. దాంట్లో చెల్లుబాటులో ఉన్న వీసా ఉంటే ఆ మాట బీ కౌంటర్లోనే చెప్పండి. రద్దయిన పుస్తకంలోని వీసా కొత్త పాస్‌పోర్ట్‌తో కలిపి చూపిస్తే చాలా దేశాలు ఒప్పుకుంటాయి, కాబట్టి రద్దయిందని చిత్తుకాగితంలా పడేయకండి.

ఏదైనా కారణం చెప్పి పాత పుస్తకం తమ దగ్గరే ఉంచుకుంటామంటే, ఉంచుకున్నట్టు రాసి ఇమ్మని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి. ‘సార్, ఇంట్లో అడుగుతారు, రసీదు మీద ఒక ముక్క రాయండి’ అంటే ఎవరికీ కోపం రాదు. రాయకపోతే బయటికొచ్చిన అదే రోజు ఆ ఆఫీసుకి మెయిల్ పెట్టండి: ఫలానా తేదీ, ఫలానా కౌంటర్, ఫలానా నంబరు పుస్తకం మీ దగ్గర ఉంది అని. తరవాత వాళ్లూ వీళ్లూ మారిపోయినా మెయిల్ మారదు.

బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కాగితం మీద ఫైల్ నంబరు ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఫారం పెట్టినప్పుడు వచ్చిన దరఖాస్తు నంబరు, అంటే ఏఆర్‌ఎన్ వేరు, ఇది వేరు. ఇకమీదట మీ బతుకంతా ఈ ఫైల్ నంబరుతోనే.

నిజంగా పోయిందా, ఆగిందా?

పోయిందనుకున్నవాటిలో చాలావరకు పోనే పోవు, అచ్చే అవ్వవు. పాస్‌పోర్ట్ సేవా సైటులో గానీ ఎంపాస్‌పోర్ట్ యాప్‌లో గానీ ఫైల్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి స్టేటస్ చూడండి. పోలీస్ విచారణ పెండింగ్ అని ఉంటే పుస్తకం ఇంకా పుట్టలేదు. మీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కాగితం వచ్చిందా అని కనుక్కోండి. హోల్డ్‌లో ఉందంటే ఆఫీసువాళ్లకి ఏదో పత్రం కావాలి.

ఈ హోల్డ్ మనవాళ్లకి ఎక్కువ పడుతుంది. కారణం పేర్లు. ఇంటిపేరు ముందు రాసే తెలుగు అలవాటు, దాన్ని ఒడియా పలుకుబడికి తగ్గట్టు మార్చి రాసిన స్కూలు సర్టిఫికెట్, రెండింటికీ పొంతన లేని ఆధార్. ఒక కాగితంలో అప్పలస్వామి, ఇంకో దాంట్లో అపలా స్వామి. ఇలాంటిది ఉందని ముందే తెలిస్తే ఆధార్ సరిచేయించుకున్నాకే దరఖాస్తు పెట్టండి. ఇప్పటికే హోల్డ్‌లో పడితే సైటులోనే ప్రాంతీయ కార్యాలయానికి ఎంక్వైరీ అపాయింట్‌మెంట్ తీసుకుని అసలు పత్రాలతో వెళ్లండి. టోల్‌ఫ్రీ నంబరు 1800-258-1800. వాళ్లు ఫైలు కదిలించలేరు, స్క్రీన్ మీద ఏముందో చెబుతారు, అంతే. అదీ పనికొస్తుంది.

భువనేశ్వర్ ఆఫీసు నుంచి వచ్చే పుస్తకాల గురించి ఒక మాట. చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్ట్‌ని 2024 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది నాగపూర్, భువనేశ్వర్ కార్యాలయాల్లోనే. ‘చిప్ ఉంది కదా, ఎక్కడుందో కనిపెట్టలేరా?’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ చిప్‌లో మీ వివరాలుంటాయి, అంతే. అది ఉన్న చోటు చెప్పదు.

పోస్టులో వెతకడం

పుస్తకం అచ్చయి బయల్దేరితే మెసేజ్ వస్తుంది, స్టేటస్‌లో స్పీడ్ పోస్ట్ నంబరు కనబడుతుంది. 13 అక్షరాలుంటాయి, చివర ఐఎన్ అని ఉంటుంది. దాన్ని ఇండియా పోస్ట్ సైటులో కొట్టి ప్రతి వరసా స్క్రీన్‌షాట్ తీయండి. వరస ఎక్కడ ఆగిందో అదే మీ కేసు.

‘ఐటమ్ బ్యాగ్డ్’, ‘ఐటమ్ డిస్పాచ్డ్’ దగ్గర ఆగి రోజులు గడుస్తుంటే అది దారిలో, ఏదో సార్టింగ్ హబ్‌లో ఉంది. వానాకాలంలో ఘాట్ రోడ్లు తెగినప్పుడు నాలుగైదు రోజులు ఓపిక పట్టొచ్చు. అంతకు మించితే ఇండియా పోస్ట్ సైటులో ఫిర్యాదు పెట్టండి, లేదా 1800-266-6868కి చేయండి. ఫిర్యాదు నంబరు తప్పనిసరిగా తీసుకోండి.

‘డోర్ లాక్డ్’, ‘అడ్రసీ లెఫ్ట్’, ‘ఇన్‌సఫిషియెంట్ అడ్రస్’ అని ఉంటే ఆలస్యం చేయొద్దు. ఇచ్చే పోస్టాఫీసులో కవరు కొద్దిరోజులే ఉంచుతారు, మామూలుగా ఏడు, తరవాత పంపినవాళ్లకే తిప్పేస్తారు. అదే పూట ఆధార్ పట్టుకుని వెళ్లండి. ఉదయం పోస్ట్‌మ్యాన్ బీటుకి బయల్దేరకముందు వెళ్తే మనిషి దొరుకుతాడు. ‘రిటర్న్డ్’ అని పడితే పుస్తకం పంపిన ఆఫీసుకే చేరుతుంది. అది పోయినట్టు కాదు, ఆ కార్యాలయానికి మీరే వెళ్లి తెచ్చుకోవచ్చా, మళ్లీ పంపుతారా అని రాసి అడగండి.

అన్నిటికంటే చెడ్డది ‘ఐటమ్ డెలివర్డ్’. స్క్రీన్ మీద చేరిపోయింది, మీ చేతికి రాలేదు. పాస్‌పోర్ట్ కవరు ఎవరి పేరున ఉందో వాళ్లకే, గుర్తింపు కార్డు చూసి ఇవ్వాలన్నది నియమం. పల్లెల్లో, పేటల్లో అది ఎలా నడుస్తుందో మనందరికీ తెలుసు. ఇలా మాట్లాడాల్సి వస్తుంది:

‘పోస్ట్‌మ్యాన్ బాబూ, నా పాస్‌పోర్ట్ ఇచ్చేసినట్టు చూపిస్తోంది. నాకు అందలేదు.’

‘మీ పేరేంటమ్మా? ఆ పేరు మీద ఏదీ రాలేదే.’

‘పెళ్లయ్యాక మార్చుకున్న పేరు బాబూ. మా మావయ్యగారి ఇంటిపేరు.’

‘అదా! ఆ ఇంటిపేరు చూసి పైవీధి వాళ్లకి ఇచ్చేశాను. ఆళ్లబ్బాయి సంతకం పెట్టాడు.’

పేరు మార్పు దరఖాస్తుల్లో ఉండే చిక్కు ఇదే. కవరు మీద కొత్త పేరు ఉంటుంది, వీధిలో ఎవరికీ ఆ పేరు తెలియదు. పుట్టింట్లో ఉంటూ అత్తవారి ఇంటిపేరుతో పాస్‌పోర్ట్ తెప్పించుకునే అమ్మాయిలకి ఇది మరీ ఎక్కువ. పుస్తకం బయల్దేరిందని మెసేజ్ రాగానే పోస్టాఫీసుకి వెళ్లి ‘ఈ పేరు నాదే, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని చీటీ ఇచ్చి రండి.

ఇరుగుపొరుగులో దొరక్కపోతే పోస్ట్‌మాస్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందులో అడగాల్సింది ప్రూఫ్ ఆఫ్ డెలివరీ: ఏ తేదీ, ఏ గంట, ఎవరికి ఇచ్చారు, సంతకం ఎవరిది, ఏ గుర్తింపు కార్డు చూశారు. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్ట్‌మాస్టర్ తేల్చకపోతే పై అధికారి డివిజన్ సూపరింటెండెంట్. ఎక్కడ అడిగినా ఒకటే మాట పట్టుకోండి: కవరు దొరకలేదని లేదా నాకు ఇవ్వలేదని మీరు రాసివ్వండి. పోస్టల్ శాఖ ఇచ్చే ఆ కాగితం పాస్‌పోర్ట్ ఆఫీసులో మీ వైపు నిలబడే పెద్ద సాక్ష్యం.

పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. దేశంలో పోయిన స్పీడ్ పోస్ట్‌కి నియమం ప్రకారం వచ్చేది కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, ఏది తక్కువైతే అది.

ఇదే సమయంలో ఫోన్‌కి ఇంకో రకం మెసేజ్ వస్తుంది: మీ పార్సిల్ చిరునామా సరిగా లేక ఆగింది, ఈ లింకు నొక్కి కొద్దిపాటి డబ్బు కట్టండి అని. పాస్‌పోర్ట్ కోసం ఎదురుచూసే మనిషి ఆలోచించకుండా నొక్కేస్తాడు. పోస్టల్ శాఖ అలా అడగదు. నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పోయిందని తేలాక

ఇక్కడ వరస ముఖ్యం. ముందు పాస్‌పోర్ట్ కార్యాలయం, తరవాత పోలీసులు.

మీ ఫైలు ఉన్న ప్రాంతీయ కార్యాలయానికి మెయిల్ పెట్టండి, అదే ఉత్తరం స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపండి. ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాస్తే త్వరగా చూస్తారు. సారం ఇలా ఉండాలి:

‘అయ్యా, ఫలానా ఫైల్ నంబరు మీద పేరు మార్పు కోసం రీ-ఇష్యూ దరఖాస్తు పెట్టుకున్నాను. నా పాత పాస్‌పోర్ట్ నంబరు ఇది. రద్దు చేసి నాకు తిరిగి ఇచ్చారు. కొత్త పాస్‌పోర్ట్‌ను ఫలానా తేదీన ఫలానా స్పీడ్ పోస్ట్ నంబరు మీద పంపినట్టు స్టేటస్ చూపుతోంది. ఆ కవరు ఈ రోజు వరకూ నాకు అందలేదు, నా తరఫున ఎవరూ తీసుకోలేదు. పోస్టల్ ఫిర్యాదు నంబరు ఇది, వారి జవాబు జత చేశాను. ఆ పుస్తకం దుర్వినియోగం కాకుండా దాన్ని రద్దు చేసి, నాకు కొత్త పుస్తకం ఇవ్వడానికి నేను ఏం చేయాలో, ఏ కేటగిరీలో దరఖాస్తు పెట్టాలో, ఫీజు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

చివరి వాక్యం తీసేయకండి. మామూలు రీ-ఇష్యూ ఫీజు 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు. పోయిన పాస్‌పోర్ట్‌కి బదులు అడిగే కేటగిరీలో అదే 3000, 60 పేజీలదైతే 3500. తత్కాల్ అయితే ఇంకో 2000 పైన. మీ చేతికే రాని పుస్తకానికి ఆ ఫీజు కట్టాలా వద్దా అన్నది ఆఫీసు తేల్చాల్సిన విషయం. తొందరపడి మీరే కేటగిరీ ఎంచుకుని కట్టేస్తే ఇక అడగడానికి ఏం మిగలదు.

తరవాత పోలీస్ స్టేషన్. ఫిర్యాదు ఒడియాలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉంటే మంచిది. రాయడం రాకపోతే కోర్టు దగ్గర అర్జీలు రాసేవాళ్లు ఉంటారు, కానీ వాళ్లు అలవాటు కొద్దీ ‘బజారులో పడిపోయింది’ అని రాసేస్తారు. దగ్గరుండి చదివించుకోండి. ‘పోస్టల్ శాఖ ద్వారా పంపబడినది నాకు అందలేదు’ అన్న మాటే ఉండాలి. మామూలుగా కనబడకపోతే స్టేషన్ డైరీలో ఎంట్రీ వేసి దాని నకలు ఇస్తారు. ఎవరో తీసుకుని దాచారన్న అనుమానం ఉంటే ఎఫ్ఐఆర్ అడగండి. మా పరిధి కాదంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ గుర్తుచేయండి. నేరం జరిగిన చోటు ఏదైనా ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ పెట్టొచ్చని అది చెబుతుంది.

నెల గడిచినా జవాబు లేకపోతే రెండు తలుపులున్నాయి. ఒకటి సీపీగ్రామ్స్, కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్. విదేశాంగ శాఖ మీద ఒకటి, పోస్టల్ శాఖ మీద ఒకటి, విడివిడిగా పెట్టండి. కలిపి పెడితే ఒకరి మీదకి ఒకరు నెడతారు. రెండోది సమాచార హక్కు. ఫీజు 10 రూపాయలు, జవాబు ఇవ్వాల్సిన గడువు 30 రోజులు, ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. ఎందుకు పోయింది, బాధ్యులెవరు అని అడిగితే సమాచారం రాదు. రికార్డులో ఉన్నవి అడగండి: పుస్తకం ఏ తేదీన అచ్చయింది, ఏ తేదీన ఏ పోస్టాఫీసులో బుక్ చేశారు, వెనక్కి వచ్చినట్టు ఎంట్రీ ఉందా, ఉంటే ఏ తేదీ. నా మట్టుకు నాకు ఫిర్యాదు కంటే ఈ దారే నమ్మకం. ఫిర్యాదుకి ‘పరిశీలిస్తున్నాం’ అని రాస్తే ముగిసిపోతుంది. ఇక్కడ తేదీ రాయక తప్పదు.

మళ్లీ దరఖాస్తు

ఆఫీసు కొత్తగా దరఖాస్తు పెట్టమంటే కావలసినవి: పోలీసు రిపోర్టు అసలు ప్రతి, అనెక్చర్ ఎఫ్, పుట్టిన తేదీ రుజువు, ప్రస్తుత చిరునామా రుజువు, మొదట్లో చెప్పిన పేజీల జెరాక్సులు, పోస్టల్ శాఖ జవాబు. ఇందులో అనెక్చర్ ఎఫ్ అంటే పాస్‌పోర్ట్ ఎలా, ఎక్కడ పోయిందో మీరిచ్చే వాంగ్మూలం. తెల్లకాగితం మీద మీరే సంతకం పెట్టి ఇవ్వాలి. 2016 డిసెంబర్ నుంచి నోటరీ అక్కర్లేదు, స్టాంపు పేపర్ అక్కర్లేదు. అయినా కోర్టు గేటు దగ్గర స్టాంపు పేపర్ కొనిపించి నోటరీ ముద్ర కొట్టించి డబ్బు గుంజేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఫారంలో పాస్‌పోర్ట్ నంబరు అడిగిన చోట ఏది రాయాలన్నది మొదట చెప్పిన రెండు పుస్తకాల గొడవే. పోయింది కొత్తదైతే దాని నంబరు మీకు తెలియకపోవచ్చు. ఊహించి రాయొద్దు, పాతది రాసి సరిపెట్టొద్దు. ఆఫీసుని అడిగి వాళ్లు చెప్పిందే రాయండి.

ఏజెంటు దగ్గర ఉండిపోతే

గంజాం, గజపతి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లలో ఇది మామూలే. అడ్రస్ మార్పించి పెడతానని ఏజెంటు పుస్తకం తీసుకుంటాడు. కొన్నాళ్లకి ‘ఆఫీసులో పోయిందన్నా’ అంటాడు. అక్కడ ఫైల్ నంబరు అడగండి. మీరు వేలిముద్రలు వేయకుండా, ఫొటో దిగకుండా పెద్దవాళ్ల రీ-ఇష్యూ దరఖాస్తు ముందుకి కదలదు. మీరు సేవా కేంద్రం మెట్లెక్కలేదంటే పుస్తకం ఏ ఆఫీసులోనూ పోలేదు, అతని దగ్గరే ఉంది. బాకీ కోసమో, వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లకుండానో పట్టుకుని ఉంటాడు.

1967 పాస్‌పోర్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్ట్ ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. మీదే కానప్పుడు ఏజెంటుది ఎలా అవుతుంది? దాన్ని జప్తు చేసి ఉంచుకునే అధికారం పాస్‌పోర్ట్ అధికారిదేనని సుప్రీంకోర్టు 2008లో సురేశ్ నందా కేసులో చెప్పింది. ముందు వాట్సాప్‌లో ‘ఫలానా రోజు మీకిచ్చిన నా పాస్‌పోర్ట్ తిరిగివ్వండి’ అని అడగండి. జవాబేదైనా అతను తీసుకున్నట్టు రుజువు దొరుకుతుంది. ఇవ్వకపోతే పేరుతో సహా పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఈ పరిస్థితిలో మాత్రం ‘పోయింది’ అని రాసి డూప్లికేట్‌కి వెళ్లొద్దు. పుస్తకం ఎక్కడుందో తెలిసీ పోయిందని రాయడం తప్పుడు సమాచారం ఇవ్వడమే, అది మీ మీదకే వస్తుంది.

గల్ఫ్‌లో ఉండగా జరిగితే

అక్కడ దరఖాస్తు నేరుగా రాయబార కార్యాలయానికి కాకుండా చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ కేంద్రానికి ఇవ్వాలి. పుస్తకం వాళ్ల చేతికి ఇచ్చినట్టు రసీదు ఉంటుంది, ఫొటో తీసి ఇంటికి పంపండి. కనబడకపోతే ఆ కేంద్రం నుంచి రాతపూర్వక జవాబు, ఆ దేశపు పోలీసు రిపోర్టు, రాయబార కార్యాలయానికి అర్జీ, ఈ వరసలో వెళ్లండి. దాంతోపాటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు. ఇది విదేశాల్లోని భారతీయుల కోసం 2015లో మొదలైంది. రాయగడలో ఉన్న మీ అన్నయ్యో భార్యో కూడా మీ తరఫున పెట్టొచ్చు. ఇంట్లో చావో, ఆపదో అయి వెంటనే రావాల్సి వస్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగండి. అది ఇండియాకి ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. కొత్త పాస్‌పోర్ట్ వచ్చాక ఇకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు), బ్యాంకు, యజమాని రికార్డు అన్నిట్లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి.

ఆ పుస్తకం తరవాత దొరికితే

ఆరు నెలల తరవాత పైవీధి వాళ్ల అటక మీద కవరు దొరకొచ్చు. పేరు మీదే, ఫొటో మీదే, గడువు పదేళ్లుంది. కానీ అది పోయినట్టు నమోదై రద్దయి ఉంటే చెల్లని పుస్తకం. అలాంటి నంబర్లు ఇంటర్‌పోల్ జాబితాకి కూడా ఎక్కుతాయి. దానితో విశాఖ విమానాశ్రయంలో నిలబడితే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. దాన్ని వాడకుండా మీ ఫైలున్న పాస్‌పోర్ట్ కార్యాలయానికి ఒక ఉత్తరంతో అప్పగించి, అందినట్టు ముద్ర వేయించుకుని రండి. పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు నంబరు కూడా ఆ ఉత్తరంలో రాయండి, స్టేషన్‌కి ఒక నకలు ఇవ్వండి.